ముంబై జూ పెంగ్విన్లు సుఖంగా ఉన్నట్టేనా? సముద్రంలో వాటి బతుకు ఎలా ఉంటుంది?

తీరం_వెంట (నవీ ముంబై)

అందరికీ నమస్కారం. ముంబై బైకలాలోని రాణీబాగ్ జూలో పెంగ్విన్లను పిల్లలకు చూపించినప్పటి నుంచి మా ఇంట్లో ఇదే వాదన. మావారేమో "వేళకు చేప, చల్లటి గది, డాక్టరు, పట్టుకు తినే జంతువు లేదు. ఇంకేం కావాలి?" అంటారు. మా పెద్దమ్మాయి "అవి ఎక్కడికీ వెళ్లలేవు కదమ్మా" అంటుంది. ఇద్దరి మాటా నాకు కొంత నిజమే అనిపిస్తోంది.

ముందు సంగతి చెబుతాను. 2016 జూలైలో దక్షిణ కొరియాలోని సియోల్ నుంచి ఎనిమిది హంబోల్ట్ పెంగ్విన్లను తెచ్చారు. అక్టోబరులో ఒకటి చనిపోయింది. 2017 మార్చి నుంచి జనానికి చూపిస్తున్నారు. 2018 ఆగస్టు 15న పుట్టిన మొదటి పిల్ల ఎక్కువ రోజులు బతకలేదు. తర్వాతి ఏళ్లలో పిల్లలు నిలబడ్డాయి, గుంపు మొదటికి రెట్టింపు దాటింది. పిల్లల్ని పెడుతున్నాయంటే బాగున్నట్టే కదా అని కొందరు అంటున్నారు. నిజమేనా?

జూలు ఉండాలా వద్దా అనే పెద్ద చర్చ కాకుండా, ఈ పక్షి సంగతే తెలిసినవాళ్లు చెప్పండి. పిల్లలకు నేను సరైన జవాబు చెప్పాలి.

నల్లమల_నడక (కర్నూలు)

మీ అమ్మాయి చెప్పిందే అసలు మాటండీ.

పెంగ్విన్ రెక్క ఎగరడానికి పనికిరాకుండా పోయింది అనుకుంటాం. నిజానికి అది నీళ్లలో ఎగరడానికి మారిన రెక్క. అడెలీ పెంగ్విన్లు మంచు గడ్డల వెంట ఏడాదికి వేల కిలోమీటర్లు తిరుగుతాయి. అర్జెంటీనాలో గూడు కట్టే మెగెల్లానిక్ పెంగ్విన్లు చలికాలంలో బ్రెజిల్ దాకా ఈదుకుంటూ వెళ్తాయి. ఎంపరర్ పెంగ్విన్ ఐదు వందల మీటర్లకు పైగా లోతుకు మునిగినట్టు రికార్డులున్నాయి. అలాంటి పక్షికి నాలుగు సార్లు రెక్క ఆడిస్తే అవతలి గాజు తగిలే కొలను ఇచ్చి, చేప వేస్తున్నాం కదా అంటే ఎలా? తిండి దొరకడం ఒక్కటే బతుకు కాదు. వెతకడం, వేటాడటం, ఏ గుంపుతో వెళ్లాలో తేల్చుకోవడం, ఇవన్నీ దాని బతుకులో భాగమే.

పశువైద్యుడు_తిరుపతి

మేడమ్, నేను పశువుల డాక్టర్ని. గల్ఫ్‌లో ఒక అక్వేరియంలో పెంగ్విన్ల విభాగంలో పనిచేశాను. కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

మొదట పిల్లల సంగతి. గుడ్డు పెట్టడం సుఖానికి గుర్తు కాదు. పంజరంలో ఉన్న ఫారం కోడి కూడా గుడ్డు పెడుతుంది. తిండి సరిపోయి, వెలుతురు సరైన లెక్కలో ఉంటే ఒళ్లు దాని పని అది చేసుకుపోతుంది. పిల్ల నిలబడిందంటే మాత్రం సంరక్షణ మెరుగైందని అర్థం. ఆ మేరకు అది మంచి కబురే.

జూ పెంగ్విన్లను ఎక్కువగా బాధపెట్టేవి మూడు. ఒకటి బంబుల్‌ఫుట్, అంటే అరికాళ్ల పుండ్లు. మన కోళ్లకు వచ్చే జబ్బే. గట్టి సిమెంటు నేల మీద గంటల తరబడి నిలబడితే, నేల ఎప్పుడూ తడిగా ఉంటే, బరువు పెరిగితే వస్తుంది. సముద్రంలో ఉండే పెంగ్విన్ రోజులో చాలా భాగం నీళ్లలోనే గడుపుతుంది, కాళ్ల మీద బరువే పడదు. జూలో తిండి గట్టు మీదే దొరుకుతుంటే అది నీళ్లలోకి దిగడం తగ్గిస్తుంది. కాబట్టి అరికాలి పుండును నేను కాలి జబ్బుగా మాత్రమే చూడను. ఆ పక్షి ఎంత తక్కువగా ఈదుతోందో అది చెబుతుంది.

రెండోది ఆస్పర్జిల్లోసిస్, ఊపిరితిత్తుల్లో బూజు. కోడిపిల్లల్లో బ్రూడర్ న్యుమోనియా అంటాం చూడండి, అదే శిలీంధ్రం. సముద్రపు గాలిలో ఈ బూజు కణాలు తక్కువ. మూసిన గదిలో, తేమలో, అదీ టెన్షన్‌లో ఉన్న పక్షిలో త్వరగా పట్టుకుంటుంది. ప్రయాణం చేసి కొత్త చోటికి వచ్చిన పక్షుల విషయంలో మేం దీనికే ఎక్కువ భయపడేవాళ్లం. మంచి చోట్ల గాలిని వడపోసి లోపలికి పంపుతారు.

మూడోది దోమ. పక్షుల్లో వచ్చే మలేరియా వేరు, మనకు వచ్చేది వేరు. చాలా రకాల పెంగ్విన్లు దోమలు లేనిచోట పుట్టి పెరిగినవి కాబట్టి తట్టుకునే శక్తి తక్కువ. ఆరుబయట కొలనుల్లో పెంచే జూల్లో ఒక్క వేసవిలోనే చాలా పక్షులు పోయిన సందర్భాలున్నాయి. ముంబైలో దోమల సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఆ గాజు గది చల్లదనం కోసమే కాదు, దోమను బయట ఉంచడానికి కూడా.

ఇక తిండి. ఫ్రీజర్‌లో దాచిన చేపలో బి1 విటమిన్ తగ్గిపోతుంది. అందుకే ఒక చేప మొప్పలో మాత్ర దూర్చి ఒక్కో పక్షికీ చేత్తో తినిపిస్తారు. పెంగ్విన్లకు కళ్ల పైన ఉప్పు గ్రంథి ఉంటుంది, తాగిన సముద్రపు నీళ్లలోని ఉప్పును అదే బయటికి పంపుతుంది. మంచినీటి కొలనులో పెంచితే ఆ గ్రంథికి పని ఉండదు, కొన్నిచోట్ల ఉప్పు మాత్రలు కూడా ఇస్తారు. సముద్రం ఊరికే ఇచ్చేవాటిని ఇక్కడ మాత్రల రూపంలో ఇవ్వాల్సి వస్తుంది.

తీరం_వెంట

డాక్టర్ గారూ, చాలా థాంక్స్. పిల్లలు అడిగే ఇంకో ప్రశ్న. మంచు దేశం పక్షిని ముంబైకి ఎందుకు తెచ్చారు అని. హంబోల్ట్ నిజంగా మంచులో ఉంటుందా?

పశువైద్యుడు_తిరుపతి

ఉండదు మేడమ్. పెరూ, చిలీ తీరం వాటి ఊరు. అక్కడి ఒడ్డు దాదాపు ఎడారి, వాన అరుదు, ఎండ బాగానే కాస్తుంది. చల్లదనం నీళ్లది. దక్షిణం నుంచి వచ్చే హంబోల్ట్ ప్రవాహం చల్లటి నీటిని పైకి తెస్తుంది, దానితోపాటు నెత్తళ్ల గుంపులు. ముంబైలో 16 నుంచి 18 డిగ్రీల్లో ఉంచడం ఈ రకానికి సరిపోతుంది.

అక్కడ అవి సముద్రపక్షుల రెట్ట పేరుకుపోయిన దిబ్బల్లో బొరియలు తవ్వుకుని గుడ్లు పెట్టేవి. 19వ శతాబ్దంలో ఆ రెట్టను ఎరువుగా ఓడల్లో యూరప్‌కు తరలించారు. దిబ్బలు పోయాయి, గూళ్లు పోయాయి. తర్వాత ఎల్ నినో. 1982-83లో, మళ్లీ 1997-98లో నీళ్లు వేడెక్కి చేపలు దూరమైనప్పుడు పెంగ్విన్లు బాగా దెబ్బతిన్నాయి. దీనికితోడు పెరూ నెత్తళ్ల వేట ప్రపంచంలోనే పెద్దది. ఆ చేపలో చాలా భాగం మనుషులు తినేది కాదు, ఫిష్‌మీల్‌గా మారి కోళ్లకు, పెంపుడు చేపలకు మేతగా పోతుంది.

కేప్_తెలుగు (కేప్ టౌన్, సొంతూరు నెల్లూరు)

నేను ఉద్యోగం కోసం ఇక్కడికి వచ్చి, సెలవు రోజుల్లో సముద్రపక్షుల ఆసుపత్రిలో వాలంటీరుగా సాయం చేస్తుంటాను. "అడవిలో ఉంటే స్వేచ్ఛ" అనే మాట విన్నప్పుడల్లా నాకు ఇక్కడి ఆఫ్రికన్ పెంగ్విన్లే కళ్లముందుకు వస్తాయి. నల్లమల గారి మాటతో నాకు తగాదా లేదు. కానీ ఆ స్వేచ్ఛ ఇప్పుడు ఎలా ఉందో కూడా తెలియాలి.

నూరేళ్ల కిందట ఇవి పది లక్షల జంటలకు పైగా ఉండేవని అంచనా. ఇప్పుడు పది వేల జంటలు కూడా లేవు. 2024 అక్టోబరులో వీటిని అంతరించిపోయే ముప్పు అత్యంత తీవ్రంగా ఉన్న జాబితాలోకి మార్చారు. పెంగ్విన్లలో ఆ జాబితాకెక్కిన మొదటి రకం ఇదే.

ఎలా తగ్గాయి? మొదట గుడ్లు. డాసెన్ అనే ద్వీపం నుంచి ఏటా లక్షల గుడ్లు ఏరుకుని అమ్మేవాళ్లు. 1960ల చివర్లో గానీ అది ఆగలేదు. ఇక్కడా రెట్ట తవ్వేశారు. నీడ లేని రాతి నేల మీద గుడ్లు పెట్టాల్సి వచ్చింది, ఎండకు తల్లిదండ్రులు లేచి నీళ్లకు వెళ్తే గుడ్డును, పిల్లను గల్ పక్షులు ఎత్తుకుపోతాయి. 2000 జూన్‌లో ట్రెజర్ అనే ఓడ రాబెన్, డాసెన్ ద్వీపాల మధ్య మునిగి చమురు కారింది. దాదాపు 19 వేల పక్షులకు నూనె అంటింది.

ఇప్పుడు మాత్రం అసలు సమస్య ఆకలి. సార్డీన్లు, ఆంచొవీలు, అంటే మన కవళ్లు, నెత్తళ్లు, వీటి ప్రధాన తిండి. ఆ గుంపులు తూర్పు వైపు జరిగిపోయాయి. మిగిలినవాటిని పెద్ద పడవలు చుట్టూ వల వేసి లాగేస్తాయి.

ఆకలి వీటిని ఎప్పుడు చంపుతుందో చెప్పాలి. పెంగ్విన్ ఏడాదికోసారి ఈకలన్నీ ఒకేసారి మార్చుకుంటుంది. ఆ మూడు వారాలు ఒంటికి నీళ్లు ఆగవు కాబట్టి సముద్రంలోకి దిగలేదు, ఒడ్డున ఉపవాసం. అందుకని ముందే బాగా తిని కొవ్వు పట్టించుకోవాలి, తర్వాత మళ్లీ త్వరగా తినాలి. ఆ రెండు సమయాల్లో చేప దొరక్కపోతే ఒడ్డునే కూలిపోతుంది. కొన్ని జంటలు పిల్లలు గూట్లో ఉండగానే ఈకలు మార్చే వేళ వచ్చి, వాటిని వదిలేస్తాయి. మా దగ్గరికి వచ్చే పిల్లలు ఎక్కువగా అవే. డొక్కలు లోపలికి పోయి, అరిచే ఓపిక కూడా ఉండదు. వాటిని చూసి "స్వేచ్ఛగా ఉన్నాయి" అనడం నా వల్ల కాదు.

గంగవరం_వల (విశాఖ)

కేప్ అన్నా, చుట్టూ వేసి అడుగున బిగించి లాగే వల అంటే మా దగ్గర రింగు వల. దాని మీద విశాఖలో ఎంత గొడవ అయిందో మీకు తెలిసే ఉంటుంది, 2022లో పడవలు కూడా తగలబెట్టారు. చిన్న వలల వాళ్లదీ అదే బాధ, ఒడ్డు దగ్గరి కవళ్ల గుంపును రింగు వల ఒక్కసారికే ఎత్తేస్తే మిగిలినవాళ్లకు ఏం మిగలదు అని. అక్కడ పెంగ్విన్ తరఫున ఎవరు మాట్లాడారు? వేటకెళ్లే వాళ్ల కూలి సంగతేంటి?

కేప్_తెలుగు

మంచి ప్రశ్న తమ్ముడూ. ఇక్కడ పక్షుల సంరక్షణ సంస్థలు రెండు, బర్డ్‌లైఫ్ సౌత్ ఆఫ్రికా, సాన్‌కాబ్, 2024లో కోర్టుకు వెళ్లాయి. వాళ్లు అడిగింది వేట మొత్తం ఆపమని కాదు. ప్రధానమైన ఆరు పెంగ్విన్ కాలనీల చుట్టూ, పక్షులు నిజంగా తిండికి తిరిగే నీళ్లలో రింగు వల వేయొద్దని. అప్పటికే ప్రభుత్వం కొన్ని హద్దులు పెట్టింది గానీ, అవి పెంగ్విన్లు తిరిగే చోట్లతో సరిపోలేదు. 2025 మార్చిలో చేపల పరిశ్రమ, ఈ సంస్థలు ఒక ఒప్పందానికి వచ్చాయి, ప్రిటోరియా హైకోర్టు దాన్ని ఆదేశంగా ఇచ్చింది. ఆ ఒప్పందంలోని కొత్త హద్దులు 2033 దాకా ఉంటాయి. అవతలి నీళ్లలో వేట యథాతథంగా సాగుతోంది.

గూట్లో పిల్ల ఉన్న పెంగ్విన్ ఒడ్డుకు కొన్ని పదుల కిలోమీటర్ల లోపే తిరగగలదు, ఎందుకంటే రాత్రికో మర్నాటికో తిండితో తిరిగి రావాలి. పడవ ఇంకాస్త దూరం వెళ్లగలదు. నేను ఈ హద్దులను సమర్థించేది అందుకే.

బౌల్డర్స్ బీచ్ కథ కూడా చెప్పాలి. కేప్ టౌన్ పక్కన సైమన్స్ టౌన్ దగ్గర 1982లో రెండు జంటలు వచ్చి గూడు పెట్టాయి. తర్వాత వేలల్లో పెరిగాయి. పక్కనున్న ఫాల్స్ బేలో వాణిజ్య వేట తగ్గి చేపలు పెరగడం దానికి ఒక కారణమని అక్కడి పార్కువాళ్లే చెబుతారు. ఇళ్ల మధ్య, రోడ్ల పక్కన కూడా పెంగ్విన్ పెరగగలిగింది. చేప లేనిచోట మాత్రం నిర్జన ద్వీపంలోనూ నిలవలేకపోతోంది. (అక్కడా ఆపదలు లేకపోలేదు. 2021లో తేనెటీగలు కుట్టి ఒకేసారి అరవైకి పైగా చనిపోయాయి.)

నల్లమల_నడక

కేప్ గారూ, మీరు రాసింది చదివాక మనసు కలుక్కుమంది. కానీ దీని నుంచి "కాబట్టి జూలోనే మేలు" అనే చోటికి మాత్రం వెళ్లకండి. సముద్రాన్ని ఖాళీ చేసింది మనం. ఖాళీ చేసి, గాజు గది చూపించి, అక్కడికంటే ఇక్కడే నయం అనడం న్యాయం కాదు.

ఆయుష్షు లెక్క కూడా అంతే. డెన్మార్క్‌లోని ఓడెన్స్ జూలో ఒక జెంటూ పెంగ్విన్ 41 ఏళ్లు బతికి గిన్నిస్ రికార్డుకెక్కింది. ఆ పక్షి ఎడిన్‌బరోలో పుట్టి, మాంట్రియల్ వెళ్లి, డెన్మార్క్ చేరింది. ఎక్కువ కాలం బతకడం ఒక కొలత, ఒప్పుకుంటాను. అదొక్కటే కొలత కాదు.

టేమ్స్_గట్టు (లండన్)

జూలో పక్షులను ఉంచే చోటు (ఎన్‌క్లోజర్) ఎలా ఉంటే మంచిది అనేదాని మీద ఒక సంగతి. లండన్ జూలో 1934లో ఆర్కిటెక్ట్ లుబెట్కిన్ బృందం పెంగ్విన్ల కోసం ఒక కొలను కట్టింది. తెల్లటి కాంక్రీటు, మధ్యలో గాలిలో మెలికలు తిరిగిన రెండు వాలు దారులు. ఆధునిక భవన నిర్మాణం అంటే ఈ రోజుకీ దాని ఫొటో చూపిస్తారు, అత్యున్నత స్థాయి వారసత్వ కట్టడంగా రక్షణ కూడా ఉంది. చూడటానికి నిజంగా అద్భుతం.

2004లో మరమ్మతుల కోసం పెంగ్విన్లను తాత్కాలికంగా వేరే కొలనుకు మార్చారు. మళ్లీ అందులోకి తీసుకురాలేదు. ఆ కాంక్రీటు మీద నడిచి నడిచి అరికాళ్లకు పుండ్లు వచ్చేవి. లోతు చాలదు, బొరియలు తవ్వుకోవడానికి మట్టి లేదు. ఇప్పుడున్నది 2011లో తెరిచిన ఇసుక, గులకరాళ్ల బీచ్. పాత కొలను ఖాళీగా ఉంది, కూల్చడానికి వీల్లేదు. అది చూసేవాళ్ల కోసం కట్టిన కట్టడం. పిల్లల్ని జూకు తీసుకెళ్లినప్పుడు మేడమ్, గాజు ఎంత పెద్దదో కాకుండా నేల ఎలా ఉందో చూడండి.

పశువైద్యుడు_తిరుపతి

టేమ్స్ గారూ, సరిగ్గా చెప్పారు. నేనైతే ఇవి చూస్తాను: నేల అంతా ఒకేలా ఉందా, లేక గులకరాళ్లు, ఇసుక, రాయి కలిపి ఉన్నాయా. దాక్కోవడానికి బొరియలు ఉన్నాయా, జనం కంటికి కనపడని చోటు ఉందా. చేప ప్రతిరోజూ ఒకే వేళకు గట్టు మీదే ఇస్తున్నారా, లేక వేళ మార్చి నీళ్లలో వేస్తున్నారా. కొలను గుండ్రటి గిన్నెలా కాకుండా పొడుగ్గా, లోతుగా ఉండి నీళ్లు కదులుతుంటే పక్షి దానంతటదే ఈదుతుంది. అంటార్కిటికా రకాలైతే దీపాల వెలుతురును అక్కడి పగలూ రాత్రీ లెక్కకు మార్చాలి, లేకపోతే గుడ్లు పెట్టే కాలం, ఈకలు మార్చే కాలం గందరగోళమవుతాయి.

ఒక అభిప్రాయం కూడా చెబుతాను. హంబోల్ట్, ఆఫ్రికన్ రకాలను బాగా చూసుకోవచ్చు. ఎంపరర్‌ను బందీగా ఉంచకూడదని నా నమ్మకం. ఆ లోతు, ఆ చీకటి, మగపక్షి రెండు నెలలకు పైగా గుడ్డును కాళ్ల మీద పెట్టుకుని నిలబడే ఆ చలి, ఏ గదిలోనూ తయారు చేయలేం.

బడిగంట (కరీంనగర్, సైన్స్ టీచర్)

సార్, ఎంపరర్ సముద్రంలోనైనా క్షేమమేనా మరి? 2022లో అంటార్కిటికాలోని బెలింగ్స్‌హాసన్ సముద్రం దగ్గర ఐదు కాలనీల్లో నాలుగింట్లో పిల్లలన్నీ పోయాయని మా పిల్లలకు పాఠంలో చెప్పాను. నీళ్లు ఆగే ఈకలు రాకముందే కింద మంచు కరిగిపోయింది. దీనికి జూ జవాబు కాదు, చేపల హద్దులూ జవాబు కాదు. వాతావరణం సంగతి మాట్లాడకుండా ఈ చర్చ పూర్తి కాదు.

నీలి_గవ్వ (బెంగళూరు)

టోక్యో పెంగ్విన్ సంగతి ఎవరూ రాయలేదే! 2012 మార్చిలో టోక్యో సీ లైఫ్ పార్క్ నుంచి ఒక హంబోల్ట్ గోడ ఎక్కి పారిపోయింది. దాని నంబరు 337. మే నెలాఖరులో పట్టుకునేదాకా, 82 రోజులు, టోక్యో బేలో సొంతంగా చేపలు పట్టి తిని బతికింది. దొరికినప్పుడు కూడా బలంగానే ఉంది. జూలో పెరిగినంత మాత్రాన వేట మరిచిపోదని కదా దీని అర్థం? అలాంటప్పుడు జూల్లో పుట్టినవాటిని తీసుకెళ్లి సముద్రంలో వదిలేయొచ్చు కదా?

కేప్_తెలుగు

నీలి గారూ, వేట వస్తుంది, నిజమే. అయినా జూ పక్షిని వదలరు, రెండు కారణాలు. వేరే దేశంలో, వేరే పక్షుల మధ్య పెరిగినది ఏ జబ్బు మోసుకొస్తుందో తెలియదు, ఉన్న కొద్ది గుంపుకూ అంటితే మొత్తానికే మోసం. పైగా, ఇక్కడ ఉన్న పక్షులకే చేప చాలనప్పుడు ఇంకొన్నింటిని తెచ్చి వదిలితే అవి కూడా ఆకలితోనే పోతాయి.

కానీ కొద్ది రోజుల బందీతనం వేరు. ట్రెజర్ ఓడ ప్రమాదంలో నూనె అంటిన పక్షులను ఒక పెద్ద గోడౌన్‌లో ఉంచి, వేలమంది వాలంటీర్లు ఒక్కొక్కదాన్నీ కడిగి, చేత్తో తినిపించి, ఎక్కువ భాగాన్ని మళ్లీ సముద్రానికి పంపారు. నూనె అంటనివాటిని, ఇంకో 19 వేలకు పైగా, లారీల్లో పోర్ట్ ఎలిజబెత్ తీసుకెళ్లి వదిలారు. అవి ఇంటికి ఈదుకుంటూ వచ్చేలోపు ఇక్కడి నీళ్లు శుభ్రం చేయాలని లెక్క. పీటర్, పమేలా, పెర్సీ అని పేర్లు పెట్టి మూడింటికి శాటిలైట్ ట్రాకర్లు కట్టారు. ఊరంతా రోజూ వాటి దారి చూసేది.

తల్లిదండ్రులు వదిలేసిన పిల్లల్ని ఇప్పటికీ అలాగే పెంచి వదులుతున్నాం. అవి గూట్లో పెరిగినవాటితో సమానంగా బతుకుతున్నాయని ఇక్కడి పరిశోధనల్లో తేలింది. మేం వాటికి పేర్లు పెట్టి ముద్దు చేయం. మనిషంటే భయం పోతే అది సముద్రంలో పనికిరాదు.

తీరం_వెంట

కేప్ గారూ, అలా పెంచినవాటిని ఎక్కడ వదులుతారు? పుట్టిన చోటేనా?

కేప్_తెలుగు

ఎక్కువగా పుట్టిన కాలనీ పరిసరాల్లోనే మేడమ్. ఇంకో ప్రయత్నం కూడా జరుగుతోంది. చేపలు తూర్పుకు జరిగాయి కాబట్టి పెంగ్విన్లను కూడా అటు రప్పించాలని డీ హూప్ అనే రక్షిత ప్రాంతంలో కొత్త కాలనీ మొదలుపెట్టారు. ఇంతకుముందు అక్కడ కొన్ని పక్షులు వాటంతటవే వచ్చి, పిల్లిజాతి జంతువుల దెబ్బకు వెళ్లిపోయాయి. అందుకని ముందు కంచె వేశారు. పెంగ్విన్ బొమ్మలు నిలబెట్టి, స్పీకర్లలో వాటి అరుపులు వినిపించారు. 2021లో చేత్తో పెంచిన పిల్లల్ని అక్కడి నుంచి వదిలారు, పెద్దయ్యాక వదిలిన చోటికే తిరిగొస్తాయని ఆశ. 2022లో అక్కడ మొదటి గూళ్లు కనిపించాయి.

నల్లమల_నడక

ఇలాంటి బందీతనానికి నేను అడ్డు చెప్పను. మన జూలు కూడా టికెట్ డబ్బులో కొంత పెరూ, చిలీ తీరాల కాపలాకు పంపుతున్నాయా అని అడగాలి. పంపకపోతే గాజు పక్కన బోర్డు మీద కనీసం రింగు వల బొమ్మ, రెట్ట దిబ్బల కథ అయినా రాయాలి. మేడమ్, మీరు ముంబైలోనే ఉన్నారు కాబట్టి ఒక ఉత్తరం రాయగలరా?

తీరం_వెంట

రాస్తానండీ. మరాఠీలో మా అమ్మాయి రాస్తానంటోంది. డాక్టర్ గారూ, నేల, బొరియలు, చేప వేసే పద్ధతి గురించి మీరు చెప్పినవన్నీ ప్రశ్నలుగా చేర్చి ముందు ఇక్కడే పెడతాను, ఒకసారి సరిచూడండి. జవాబు వస్తే అది కూడా ఇక్కడే పెడతాను.